నీళ్ళ పంపుతో అంగస్తంభన సమస్య తగ్గుతుందా? శివారు పొలం చెప్పే నిజం

గవర్నర్‌పేటలో మా మేడ మీద గదిలోంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఎప్పుడూ ఫోన్లు, యాప్‌లు, ల్యాప్‌టాప్‌లు అని మాట్లాడే నేను ఈ రోజు వేరే టాపిక్ తీసుకున్నాను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టేసుకోండి. పక్కన అమ్మమ్మ కూర్చుని ఉంటే మీరు మధ్యలోనే ఆపేస్తారు, అందుకే ముందే చెప్తున్నాను.

టాపిక్ ఏంటంటే ఈడీ. రైడ్‌లు చేసే ఈడీ కాదు బాబూ. ఎరక్టైల్ డిస్‌ఫంక్షన్. తెలుగులో అంగస్తంభన సమస్య. దీనికి నీళ్ళతో ట్రీట్‌మెంట్ అని రీల్స్‌లో తెగ తిరుగుతోంది. నీళ్ళ పంపు అంటారు, తొట్టి స్నానం అంటారు, రోజుకి ఐదు లీటర్లు తాగమంటారు. ఇందులో ఏది పని చేస్తుంది, ఏది చెయ్యదు, అసలు దీనికున్న వైద్యాలేంటి, అన్నీ వరసగా చెప్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

నాకేం జరిగిందంటే

రెండేళ్ళ క్రితం. నాకు 27. కొత్తగా పెళ్ళైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, అమెరికా క్లయింట్, రాత్రి షిఫ్ట్. అర్ధరాత్రి రెండింటికి బిర్యానీ, నాలుగింటికి సిగరెట్, పొద్దున్న ఎనిమిదింటికి నిద్ర. బరువు 94 కిలోలు. అప్పుడు మొదలైంది. ఒక రోజు కుదరలేదు. అలసట అనుకున్నాను. రెండోసారి, మూడోసారి కూడా అంతే. నాలుగోసారికి అసలు దగ్గరికి వెళ్ళడానికే భయమేసింది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళానా? లేదు. బీటెక్ చదివాం కదా, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచాను. రెండు గంటలు వెతికి ఒక నీళ్ళ పంపు ఆర్డర్ పెట్టాను. బాత్‌రూమ్‌లో తలుపేసుకుని నాలుగు రోజులు వాడాను. ఐదో రోజు తొందరపడి గట్టిగా నొక్కేశాను. చర్మం కమిలి, ఎర్రటి చుక్కలు తేలాయి. ఆ డబ్బాని బీరువాలో చలికోట్ల వెనక దాచాను. విజయవాడ మనిషి చలికోట్లు ఎప్పుడు తీస్తాడు అని నా ధీమా.

మా ఆవిడ తీసింది. నవ్వలేదు, తిట్టలేదు. "ఇన్ని రోజులూ నా మీద ఇష్టం పోయిందేమో అనుకున్నాను. డాక్టర్ దగ్గరికి పద, నేనూ వస్తాను" అంది. అంతే.

తర్వాత సెలవు పెట్టి ఇంటికొచ్చినప్పుడు సూర్యారావుపేటలో ఒక డాక్టర్ గారి దగ్గర కూర్చున్నాం. ఆయన సమస్య విని, నేను భయపడిన ప్రశ్నలేవీ అడక్కుండా, ముందు చెయ్యి చాపమన్నారు. బీపీ 150/100. రక్త పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1. అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "పంపు సంగతి తర్వాత బాబూ, ముందు నీ రక్తనాళాల సంగతి చూద్దాం" అన్నారు.

ఈ ఎపిసోడ్ మొత్తానికి అసలు మాట అదే. ఇప్పుడు ఎందుకో చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మన ఊరి భాషలో చెప్తాను. ప్రకాశం బ్యారేజీ తెలుసు కదా. అక్కణ్ణుంచి కాలువల్లోకి నీళ్ళు వదుల్తారు. ఏలూరు కాలువ, బందరు కాలువ మన ఊరి మధ్యలోంచే పోతాయి. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువ, దాన్నుంచి బోదె, బోదె నుంచి చేను. చేను నిండాలంటే రెండు జరగాలి. తూము తెరుచుకోవాలి. గట్టు నీళ్ళని ఆపాలి.

శరీరంలోనూ అంతే. బ్యారేజీ గుండె అనుకోండి. కోరిక కలగ్గానే మెదడు నుంచి సిగ్నల్ వస్తుంది. అంగంలోని నరాల చివర, రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది సీజీఎంపీ అనే ఇంకో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. దాంతో నాళాల చుట్టూ ఉన్న కండరం వదులవుతుంది. అంటే తూము తెరుచుకుంది. అంగం లోపల స్పాంజ్ లాంటి రెండు గొట్టాలుంటాయి, రక్తం వాటిలోకి నిండుతుంది. నిండగానే అవి ఉబ్బి, రక్తాన్ని బయటికి తీసుకెళ్ళే సిరల్ని నొక్కేస్తాయి. అంటే గట్టు పడింది. చేను నిండింది.

నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల్లో ఇలా సిగ్నల్‌గా పని చేస్తుందని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. బ్యారేజీ దగ్గర నీళ్ళు కాస్త తగ్గితే విజయవాడలో ఉన్న మనకి తెలీదు. కాలువ నిండుగానే కనిపిస్తుంది. ముందుగా ఎవరికి తెలుస్తుంది? నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు రైతుకి. వాళ్ళ చేలు ముందు ఎండుతాయి. శివారు రైతు అరిచాడంటే తప్పు అతని చేలో లేదు, పైన కాలువలో ఎక్కడో ఉంది.

గుండెకి రక్తం ఇచ్చే నాళం వెడల్పు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. అంగానికి వెళ్ళేది 1 నుంచి 2 మిల్లీమీటర్లే. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ వల్ల నాళాలు పాడవుతున్నప్పుడు ముందు మూసుకుపోయేది ఆ సన్నదే. అందుకే చాలామందిలో గుండె లక్షణాలు బయటపడ్డానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఈడీ కనిపిస్తుంది. అంగం మన శరీరంలో శివారు చేను. అది ముందు అరుస్తుంది. ఆ అరుపు విని పైకెళ్ళి కాలువ చూసుకున్నవాడు బాగుపడతాడు. సిగ్గుతో నోరు నొక్కినవాడికి తర్వాత గుండె చెప్తుంది.

ఇది మన ఒక్కరి గోల కూడా కాదు. అమెరికాలో మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళ మీద జరిగిన స్టడీ 1994లో వచ్చింది. 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉంది. మన దేశంలో 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల మంది. షుగర్ నాళాల్నీ, నరాల్నీ రెండిట్నీ దెబ్బ తీస్తుంది. మిగతాది మీరే ఊహించుకోండి.

నీళ్ళ పంపు: ఎంత నిజం, ఎంత ప్రచారం?

పంపు ఐడియా కొత్తది కాదు. 1917లోనే ఆటో లెడరర్ అనే ఆయన వాక్యూమ్ పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని జనంలోకి తెచ్చింది మాత్రం అమెరికాలో గెడ్డింగ్స్ ఆస్‌బన్. ఆయన డాక్టర్ కాదు, టైర్ల వ్యాపారి. తనకే సమస్య వస్తే సొంతంగా పంపు తయారు చేసుకున్నాడు. 1982లో అక్కడి ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది.

పని చేసే పద్ధతి సింపుల్. ప్లాస్టిక్ గొట్టం తొడిగి లోపలి గాలి బయటికి లాగితే రక్తం అంగంలోకి వస్తుంది. వచ్చింది వెనక్కి పోకుండా మొదట్లో ఒక రబ్బరు రింగ్ వెయ్యాలి. ఆ రింగ్ 30 నిమిషాలకి మించి ఉంచకూడదు. ఇది డాక్టర్లు నిజంగా రాసే వైద్యమే. మాత్రలు వాడకూడని గుండె పేషెంట్లకి, ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్ళకి బాగా ఉపయోగపడుతుంది. రక్తం బయట నుంచి లాగింది కాబట్టి కొంచెం చల్లగా, నీలంగా అనిపిస్తుంది. అది మామూలే.

మరి నీళ్ళ పంపు? గాలి బదులు గొట్టం నిండా గోరువెచ్చని నీళ్ళు పోసి స్నానం చేస్తూ వాడతారు. నీళ్ళు గాలిలాగా సాగవు, ముడుచుకోవు. అందుకే ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది, వెచ్చదనానికి చర్మం మెత్తబడుతుంది అని కంపెనీల వాదన. నీళ్ళు సాగవన్నది నిజమే, కానీ గాలి పంపులో కూడా ఒత్తిడి అన్ని వైపులా సమానంగానే పడుతుంది. తేడా ఎక్కడంటే, గాలి పంపు మీద దశాబ్దాల క్లినికల్ అనుభవం ఉంది, నీళ్ళ పంపు మీద అంత లేదు. పైగా వీటిని ఎక్కువగా అమ్మేది ఈడీ పేరుతో కాదు, సైజు పెరుగుతుందని. సైజు శాశ్వతంగా పెరుగుతుందని గట్టి రుజువు లేదు. బయటికి తీశాక రింగ్ లేకపోతే వచ్చిన రక్తం వెనక్కి వెళ్ళిపోతుంది. అంటే సైజు ఆశతో కొన్నవాడికి కాసేపటి వాపు మిగుల్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మెడికల్ పంపుల్లో ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. మీరు కొనే దాంట్లో అది ఉందో లేదో చూడండి. లేకపోతే నాలాగే కమిలిపోతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు, అంగం వంకర తిరిగే పెయిరోనీస్ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఏ పంపూ ముట్టుకోవద్దు. షుగర్ బాగా ముదిరినవాళ్ళకి స్పర్శ తగ్గిపోతుంది. వేడి నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, పంపు ఎంత గట్టిగా లాగుతుందో వాళ్ళకి తెలీదు. కాలేదాకా తెలీదు.

మళ్ళీ మన కాలువ దగ్గరికొద్దాం. శివారు రైతు ఆయిల్ ఇంజన్ పెట్టి కాలువలో అడుగున ఉన్న నీళ్ళు తోడుకుంటాడు. తప్పు లేదు, ఆ పూటకి పంట నిలుస్తుంది. కానీ ఇంజన్ పెట్టినంత మాత్రాన పైన కాలువ బాగుపడదు. పంపు కూడా అంతే.

తొట్టి స్నానం, నీళ్ళు తాగడం, ఈత

నీళ్ళ వైద్యం అంటే మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన ప్రకృతి వైద్యం పుస్తకాన్ని డి. వెంకట చలపతి శర్మ గారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్యం కథ అక్కడే మొదలైందని చెప్తారు. నడుము వరకు నీళ్ళలో కూర్చునే తొట్టి స్నానం కూనే ప్రచారం చేసిందే. గాంధీ గారు కూడా ఆ పద్ధతులు పాటించారు. ఇప్పటికీ మన కృష్ణ కరకట్ట మీద ప్రకృతి చికిత్స కోసం రాష్ట్రం నలుమూలల నుంచి జనం వస్తారు.

గోరువెచ్చని తొట్టి స్నానం వల్ల నడుము కింది కండరాలు వదులవుతాయి, మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. టెన్షన్ వల్లే సమస్య ఉన్నవాడికి అది కాస్త సాయమే. అయితే మూసుకుపోతున్న నాళాన్ని స్నానం తెరవలేదు. పిల్లల కోసం ప్రయత్నించేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. రోజూ బాగా వేడి నీళ్ళలో ఎక్కువసేపు కూర్చుంటే వృషణాలు వేడెక్కి వీర్యకణాలు తగ్గుతాయి. మానేస్తే సాధారణంగా కొన్ని నెలల్లో మళ్ళీ కోలుకుంటాయి.

నీళ్ళు తాగడం సంగతి. మన ఊరి మే నెల ఎండలో నీళ్ళు తక్కువైతే నీరసం వస్తుంది, కోరిక తగ్గుతుంది. దాహానికి తగ్గట్టు తాగండి. ఐదు లీటర్లు తాగితే ఈడీ పోతుందనేది ఉత్త మాట. కిడ్నీ, గుండె సమస్య ఉన్నవాళ్ళకి అది ప్రమాదం కూడా.

నీళ్ళతో నిజంగా పని చేసేది ఏదైనా ఉందంటే అది ఈత. నీళ్ళ మహిమ అని కాదు, ఒళ్ళు కదుల్తుందని. 2018లో అంతకు ముందు వచ్చిన కొన్ని స్టడీలు కలిపి చూస్తే తేలింది ఏంటంటే, రోజుకి 40 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, ఆరు నెలలు కాస్త ఆయాసం వచ్చే వ్యాయామం చేస్తే ఈడీ తగ్గుతుంది. బరువు, బీపీ, గుండె జబ్బు వల్ల వచ్చిన ఈడీకి ఇది వర్తిస్తుంది. గాంధీనగర్‌లో సర్ విజ్జి స్విమ్మింగ్ పూల్ మన గవర్నర్‌పేటకి కూతవేటు దూరం. ఈత రాకపోతే నడవండి. కృష్ణలో మాత్రం తెలియని చోట దిగకండి, ప్లీజ్.

ఇంకో ఉచిత వైద్యం. మూత్రం మధ్యలో ఆపినప్పుడు బిగిసే కండరం ఉంటుంది కదా, దాన్ని బిగించి వదిలే ఎక్సర్‌సైజ్. కెగెల్స్ అంటారు. ఆఫీసు కుర్చీలో కూర్చుని కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు. 2005లో బ్రిటన్‌లో 55 మంది మీద చేసిన స్టడీలో, ఈ వ్యాయామంతో పాటు అలవాట్లు మార్చుకున్న ఆరు నెలలకి 40 శాతం మంది మామూలు స్థితికి వచ్చారు.

మాత్రల సంగతి

సిల్డెనాఫిల్. నీలం మాత్ర. మొదట దీన్ని గుండె నొప్పి కోసం ఇంగ్లండ్‌లో ఫైజర్ ల్యాబ్‌లో తయారు చేశారు. గుండెకి అంతగా పని చెయ్యలేదు గానీ, ట్రయల్‌లో ఉన్న మగవాళ్ళు వేరే ఎఫెక్ట్ చెప్పారు. 1998 మార్చిలో ఈడీ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇందాక సీజీఎంపీ అన్నాను కదా, దాన్ని కరిగించేసే ఎంజైమ్ ఒకటుంది, పీడీఈ5. ఈ మాత్ర ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది. తూము తెరిచి ఉంటుంది. కోరిక లేకపోతే మాత్ర ఏమీ చెయ్యదు, ఎందుకంటే సిగ్నల్ మెదడు నుంచే రావాలి. పది మందిలో సుమారు ఆరేడు మందికి పని చేస్తుంది. సిల్డెనాఫిల్ అరగంట నుంచి గంటలో మొదలై నాలుగైదు గంటలు ఉంటుంది. టడలాఫిల్ అనే ఇంకోటి 36 గంటల దాకా ఉంటుంది. కడుపు నిండా మటన్ బిర్యానీ తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే లేటవుతుంది, పని చెయ్యలేదనుకుని రెండోది వేసుకుంటారు. ఆ పని చెయ్యొద్దు. తలనొప్పి, ముఖం ఎర్రబడడం, ముక్కు దిబ్బడ, ఎసిడిటీ మామూలుగా వచ్చే సైడ్ ఎఫెక్ట్‌లు.

ఇప్పుడు చెప్పేది మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు ఈ మాత్రలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. ఈ మాత్ర వేసుకున్నాక ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి, 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్ళకి ముందు ఈ మాట చెప్పండి: "నేను ఫలానా మాత్ర వేసుకున్నాను." సిగ్గుపడి చెప్పకపోతే వాళ్ళు మంచికని నాలుక కింద నైట్రేట్ పెడతారు. సిల్డెనాఫిల్ అయితే కనీసం 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు.

అలాగే అంగం నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అది మగతనం కాదు, ఎమర్జెన్సీ. రాత్రైనా సరే హాస్పిటల్‌కి పరుగెత్తాలి. ఆలస్యమైతే శాశ్వతంగా పాడవుతుంది.

గవర్నర్‌పేటలో మెడికల్ షాపులకి కొదవ లేదు. "ఏం కావాలండీ?" అంటే గొంతు తగ్గించి పేరు చెప్పి జేబులో వేసుకుని వచ్చేస్తారు. ఇవి డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు. చీటీ కావాలనేది మీ పరువు తియ్యడానికి పెట్టిన రూల్ కాదు. మీ గుండె, మీ వేరే మందులు చూడాలని.

మాత్రలు పని చెయ్యకపోతే?

అప్పటికీ దారి మూసుకుపోదు. ఒకటి ఇంజక్షన్. ఆల్ప్రోస్టాడిల్ లాంటి మందుని సన్న సూదితో అంగం పక్కన ఇస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, డాక్టర్ నేర్పిస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ ఇంజక్షన్ పద్ధతి వెనక ఒక కథ ఉంది. 1983లో లాస్ వెగాస్‌లో యూరాలజీ డాక్టర్ల మీటింగ్. గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ సైంటిస్ట్ హోటల్ గదిలో తనకి తానే ఇంజక్షన్ చేసుకుని స్టేజీ ఎక్కాడు. స్లయిడ్లు చూపించాక, నమ్మకం కుదరలేదేమోనని ప్యాంటు కిందికి దించి అందరికీ చూపించాడు. మన కాలేజీ సెమినార్‌లో ఎవడైనా అంత ప్రిపేర్ అయి వచ్చాడా చెప్పండి!

రెండోది ఇంప్లాంట్ ఆపరేషన్. నీళ్ళతో పని చేసే వైద్యాల్లో గట్టి రుజువు ఉన్నది ఇదే. 1973లో హ్యూస్టన్‌లో డాక్టర్ బ్రాంట్లీ స్కాట్ బృందం చేసింది. అంగంలో రెండు గొట్టాలు, వృషణాల సంచిలో చిన్న పంపు, పొట్ట లోపల సెలైన్ నీళ్ళ తిత్తి. పంపు నొక్కితే సెలైన్ గొట్టాల్లోకి వస్తుంది, ఇంకో బటన్ నొక్కితే వెనక్కి వెళ్తుంది. బయటికేమీ కనపడదు. నీళ్ళు లేకుండా వంచే రాడ్ లాంటి ఇంప్లాంట్లు తక్కువ ఖర్చులో దొరుకుతాయి. కానీ ఇది చివరి మెట్టు. ఒకసారి పెట్టాక లోపలి స్పాంజ్ కణజాలం మునుపటిలా ఉండదు, వెనక్కి తిరగలేం.

మూడోది షాక్‌వేవ్. కరెంట్ షాక్ కాదు, శబ్ద తరంగాలు. ఈ మధ్య వేలకి వేలు ప్యాకేజీలు అమ్ముతున్నారు. 2018లో అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ దీన్ని ఇంకా పరిశోధన దశలో ఉన్న వైద్యంగానే లెక్కేసింది. డబ్బు కట్టే ముందు ఆ సంగతి అడగండి.

కుర్రాళ్ళకి ముఖ్యంగా: మనసు

ఇరవైల్లో ఉన్న చాలామందికి నాళాల సమస్య కన్నా మనసు సమస్యే ఎక్కువ. ఎలా తెలుస్తుంది? పొద్దున్న నిద్ర లేచేసరికి మామూలుగా గట్టిపడి ఉంటుందా? ఒంటరిగా ఉన్నప్పుడు బానే ఉండి, భార్య దగ్గరే కుదరట్లేదా? ఉన్నట్టుండి ఒక రోజు మొదలైందా? అయితే వైరింగ్ బాగానే ఉంది, టెన్షన్ ఫ్యూజ్ కొట్టేస్తోంది. భయపడితే శరీరం అడ్రినలిన్ వదుల్తుంది, అది తూము మూసేస్తుంది. మొదటి రాత్రి బయట చుట్టాలందరూ ఉన్న ఇంట్లో పరీక్ష రాసినట్టు కూర్చుంటే ఎవడికైనా అంతే. ఒకసారి ఫెయిలయ్యానన్న భయమే రెండోసారికి కారణం అవుతుంది.

మెల్లమెల్లగా తగ్గుతూ వస్తూ, పొద్దున్నపూట కూడా రాకపోతే మాత్రం అది శరీరం మాట. ఏదైనా సరే, మీ అంతట మీరు తేల్చుకోకండి. నాకు రెండూ ఉన్నాయి, బీపీ ఉంది, భయమూ ఉంది.

చిన్నప్పుడు హస్తప్రయోగం వల్ల ఇలా అయిందనీ, వీర్యం పోతే బలం పోతుందనీ భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయానికే సైకియాట్రీలో ధాతు సిండ్రోమ్ అని పేరు. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ పెట్టారు. హస్తప్రయోగం వల్ల ఈడీ రాదు. ఈ మాట తెలుగువాళ్ళకి మన విజయవాడ నుంచే డాక్టర్ సమరం గారు, అదే గోరా గారి అబ్బాయి, పత్రికల్లో ప్రశ్నలకి జవాబులు రాస్తూ ఏళ్ళ తరబడి చెప్పారు. మా నాన్న తరం ఆ పేజీని దాచుకుని చదివింది. మన తరం ఇన్‌కాగ్నిటోలో చదువుతోంది. దాచుకోవడం మాత్రం మారలేదు.

గోడ మీద పోస్టర్లు, ఫోన్‌లో యాడ్‌లు

"ఒక్క డోసుతో శాశ్వత పరిష్కారం", "గుర్రపు బలం" లాంటి పోస్టర్లు రైలు పట్టాల పక్కన గోడల మీద చూసే ఉంటారు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకి యాడ్ ఇవ్వడం మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అదే చెప్తోంది. పోస్టర్ వేశాడంటేనే వాడు చట్టం తప్పాడని అర్థం.

"మాది మూలికలే, సైడ్ ఎఫెక్ట్ లేదు" అనే క్యాప్సూల్స్‌లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి అమ్ముతున్నారని అమెరికా ఎఫ్‌డీఏ మళ్ళీ మళ్ళీ హెచ్చరికలు ఇస్తూనే ఉంది. ఎంత కలిపారో ఎవడికీ తెలీదు. ఇప్పుడు ఊహించండి. గుండెకి నైట్రేట్ వాడే ఒక పెద్దాయన, మూలికే కదా అని ఇది వేసుకున్నాడు. ఇందాక చెప్పిన ప్రమాదం ఆయనకి తెలీకుండానే వచ్చి పడుతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకటి. ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. సూర్యారావుపేటలో డాక్టర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. డబ్బు ఇబ్బందైతే మన గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్ ఉంది. లోపలికి వెళ్ళి ఎలా చెప్పాలో తెలీకపోతే ఈ వాక్యం చెప్పండి: "డాక్టర్ గారూ, కొన్ని నెలలుగా అంగం సరిగ్గా గట్టిపడట్లేదు." అంతే. ఆయన రోజూ వినే మాటే అది. మరీ సిగ్గయితే ఈసంజీవనిలో ఫోన్ నుంచే ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడొచ్చు. తర్వాత అవసరాన్ని బట్టి యూరాలజిస్ట్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో ఆయనే పంపుతారు.

రెండు. బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్. అవసరమైతే పొద్దున్నపూట టెస్టోస్టెరాన్. పొద్దున్నే ఎందుకంటే అది అప్పుడే ఎక్కువగా ఉంటుంది, సాయంత్రం చేయిస్తే తప్పు లెక్క వస్తుంది.

మూడు. మీరు వాడే మందులన్నీ చెప్పండి. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు ఈ సమస్య తేవచ్చు. అలాగని సొంతంగా ఆపెయ్యకండి. డాక్టర్ మారుస్తారు.

నాలుగు. సిగరెట్ మానండి. మందు తగ్గించండి. నిద్రపోండి.

ఐదు. ఇంట్లో చెప్పండి. మీరు చెప్పకపోతే ఆవిడ తన మీద ఇష్టం పోయిందనుకుంటుంది, మా ఆవిడలాగే. ఈ వీడియో చూస్తున్న చెల్లెళ్ళకి కూడా ఒక మాట: ఎగతాళి చెయ్యకండి, కోపం తెచ్చుకోకండి, కూడా వెళ్ళండి.

మనసు మరీ బరువెక్కితే 14416, టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ సమస్య వల్ల బతుకే వద్దనుకునేదాకా వెళ్ళినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టారు. అందుకే ఈ నంబర్ చెప్తున్నాను.

నా సంగతి ఎలా ముగిసింది?

బీపీకి మందు మొదలుపెట్టాను. రాత్రి షిఫ్ట్ వదిలేశాను. ఆ తర్వాత ఉద్యోగమే వదిలేసి మీ నెత్తిన పడ్డాను, అది వేరే కథ. సిగరెట్ మానడానికి మూడుసార్లు ట్రై చేశాను, మూడోసారి మానాను. రోజూ పొద్దున్న నడక. మొదటి రెండు నెలలు డాక్టర్ గారు తక్కువ డోసు మాత్ర రాశారు, భయం పోవడానికి. ఎనిమిది నెలల్లో 11 కిలోలు తగ్గాను. మాత్ర అవసరం పోయింది. బీపీ మందు మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను, దాంట్లో సిగ్గేం లేదు.

ఆ పంపు డబ్బా ఇంకా బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఒకవేళ అది కాస్త పని చేసి ఉంటే ఏమయ్యేది? నేను సంతోషపడి డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. 150/100 బీపీ ఎవరికీ తెలీకుండా లోపల పని చేసుకుంటూ పోయేది. నలభై ఏళ్ళకి దాని లెక్క నాకు తెలిసేది.

పంపు వాడొద్దని నేను అనట్లేదు. డాక్టర్ చూసి వాడమంటే వాడండి. శివారు చేను ఎండుతుంటే ఇంజన్ పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి గట్టు మీద నడుచుకుంటూ పైకెళ్ళి, కాలువ ఎక్కడ పూడిందో చూసి రండి.

ఈ వారంలో ఒక్క పని చెయ్యండి. బీపీ చూపించుకోండి. ఐదు నిమిషాలు పట్టదు. ఈ ఎపిసోడ్ గ్రూపులో షేర్ చెయ్యడానికి సిగ్గేస్తే, అవసరం ఉందనిపించిన ఒక్క ఫ్రెండ్‌కి విడిగా పంపండి. "ఇది నీ కోసం కాదురా, ఊరికే పంపుతున్నా" అని రాయండి. వాడికి అర్థమవుతుంది.

ఉంటాను మరి. వచ్చే వారం మళ్ళీ ఫోన్ల దగ్గరికి వెళ్ళిపోదాం.